81 సెంటీమీటర్ల పెట్టె చాలుతుందా? కుక్కను విమానం ఎక్కించాలి

నమస్కారమండీ. మే నెలలో మా నాటు కుక్కను పర్లాకిమిడి నుంచి కారులో భువనేశ్వర్‌కి, అక్కణ్ణుంచి బెంగళూరుకి విమానంలో తీసుకెళ్లాలి. బరువు 14 కిలోలు, కాబట్టి కార్గోలోనే.

కొలతలివి: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా 70 సెంటీమీటర్లు, నేల నుంచి మోచేయి దాకా 26, నిలబడితే చెవుల కొస దాకా 56. ఐయాటా (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) లెక్కలో మొదటి కొలతకి మోచేయి ఎత్తులో సగం కలిపితే పెట్టె లోపలి పొడవు, అంటే 83. బరంపురంలో దొరికింది 81. ఆ రెండు సెంటీమీటర్లకి కౌంటర్లో తిప్పి పంపేస్తారా? తర్వాతి సైజు 91. మరీ వదులైతే విమానం కుదిపినప్పుడు లోపల జారి దెబ్బ తగులుతుందని భయం.

పెట్టె పై సగాన్నీ కింది సగాన్నీ ప్లాస్టిక్ క్లిప్పులే పట్టి ఉంచుతున్నాయి. కుక్క బెదిరి గుద్దితే ముందు ఊడేవి అవే. అందుకే ఇనుప బోల్టులు, నట్లు బిగిస్తున్నాను. చక్రాలు తీసేస్తాను.

తలుపుకి తగిలించే గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఎత్తి దించేటప్పుడు ఒలకవు, మెల్లగా కరుగుతాయి. కానీ మే ఎండలో కారు దిగేలోపే కరిగిపోతే ఎలా? థర్మోకోల్ పెట్టెలో పెట్టి తెచ్చినవాళ్లున్నారా?

మత్తు మందు మాత్రం ఇవ్వను. బీపీ, ఊపిరి పడిపోతే కార్గోలో చూసే మనిషుండడు.

రేబిస్ టీకా కార్డు ఉంది. డాక్టరిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లోపుది అడిగారు? భువనేశ్వర్ నుంచి పంపినవాళ్లు దయచేసి చెప్పండి.