గుండె పగలడం, మనసు విరగడం: రెండూ ఒకటేనా?

ప్రశ్న: కొడుకును పోగొట్టుకున్న తల్లి గురించి ఒక మిత్రుడు కథలో "ఆమె మనసు విరిగిపోయింది" అని రాశారు. అక్కడ "గుండె పగిలింది" అని ఉండాలని నాకనిపించింది. రెండింటికీ అర్థం ఒకటేనని ఆయన వాదన. పైగా బాధపడేది మెదడనీ, గుండె ఒట్టి రక్తం తోడే కండరమనీ, మిగతాదంతా కవుల కల్పననీ అంటున్నారు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: మీకు అనిపించిందే సరైనదండీ. మనసు విరగాలంటే ఎదుట ఒక మనిషి ఉండాలి. మాట తప్పిన స్నేహితుడి మీద మనసు విరుగుతుంది, మోసం చేసిన భాగస్వామి మీద విరుగుతుంది. అంటే వాళ్ల మీద ఉన్న ఇష్టమో నమ్మకమో పోయిందని. ఈ లెక్కన "కొడుకు మీద మనసు విరిగింది" అంటే మిత్రుడు చెప్పదలచుకున్నదానికి పూర్తిగా ఎదురు అర్థం వస్తుంది! గుండె పగలడానికి ఎవరూ ద్రోహం చేయనక్కర్లేదు. తట్టుకోలేని దెబ్బ తగిలితే చాలు.

వేమన "మనసు విరిగెనేని మరి యంటనేర్చునా" అన్నది కూడా ఈ మొదటి అర్థంలోనే. విరిగిన ఇనుమును రెండుమూడు సార్లయినా కాచి అతకవచ్చు, మనసు అలా అంటుకోదు అన్నాడు. అది చెడిన సంబంధాల గురించి చెప్పిన మాట.

ఇక "ఒట్టి కండరం" సంగతి. బాధను బాధగా గుర్తించేది మెదడే, అందులో సందేహం లేదు. కానీ ఆ కబురు గుండెకు చేరకుండా ఉండదు. భయం కలగగానే మెదడు నుంచి నాడుల ద్వారా, అడ్రినల్ గ్రంథుల ద్వారా గుండెకు హెచ్చరిక వెళ్తుంది, వేగం పెరుగుతుంది. దాన్నే మనం "దడ" అంటాం. "గుండె ఆగినంత పనైంది" అన్నది కూడా గాలిమాట కాదు. ఉద్వేగంలో ఒక్కోసారి ఒక స్పందన వేళకు ముందే వచ్చేస్తుంది. దాని వెనక చిన్న విరామం, ఆ తర్వాతి స్పందన బలంగా తగులుతుంది. "గుభేలుమంది" అన్నవాడు ఎవడో దాన్ని ఛాతీలో అనుభవించే అన్నాడని నా నమ్మకం.

పగలడానికి దగ్గరగా వచ్చే జబ్బు కూడా ఒకటుంది. 1990లో జపాన్ వైద్యులు దానికి టకోత్సుబో అని పేరు పెట్టారు. అది ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరు. ఆప్తుల మరణం వంటి తీవ్రమైన దెబ్బ తగిలినప్పుడు ఎడమ జఠరిక (ఒంటికి రక్తం తోడే గుండె గది) కొన భాగం సరిగ్గా ముడుచుకోక, ఆ కుండలా ఉబ్బుతుంది. నెలసరి ఆగిపోయిన వయసు స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. ఛాతీనొప్పి, ఆయాసం, ఈసీజీలో మార్పులు, అన్నీ గుండెపోటులాగే ఉంటాయి. యాంజియోగ్రామ్ చేస్తే మాత్రం ఆ స్థితికి కారణమయ్యేంత అడ్డు రక్తనాళాల్లో కనబడదు. కాబట్టి ఏడుస్తున్న మనిషికి ఛాతీ నొప్పి వస్తే "దుఃఖం వల్లలే" అని ఇంట్లో కూర్చోబెట్టకండి. అది దుఃఖమో, గుండెపోటో ఆసుపత్రిలోనే తేలుతుంది. కొందరికి టకోత్సుబో ప్రాణాంతకం కూడా కావచ్చు. ఎక్కువమందిలో మాత్రం గుండె కొన్ని వారాల్లో మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది.

మరొకరు: బాగా చెప్పారు. ఒక్క సందేహం. మెదడు నుంచి గుండెకు వెళ్లే దారి గురించే చెప్పారు. "గుండె బరువెక్కింది" అన్నప్పుడు ఆ బరువు పైకి కూడా పోతుందా?

జవాబు: పోతుందండీ. మెదడుకూ గుండెకూ మధ్య నడిచే వేగస్ నాడిలో ఎక్కువ పోగులు కింది నుంచి పైకి కబురు మోసేవే. మిగిలినవాటిలో కొన్ని గుండెకు పగ్గం వేస్తాయి. ఆ పగ్గం లేకపోతే విశ్రాంతిలో కూడా గుండె నిమిషానికి 100 సార్ల దాకా కొట్టుకుంటుంది. ఊపిరి వదిలేటప్పుడు పగ్గం బిగుస్తుంది, వేగం కాస్త తగ్గుతుంది. గండం గడిచాక మన నోట వచ్చే "హమ్మయ్య" ఒక దీర్ఘమైన నిట్టూర్పే, గమనించారా? ఆ మాటను నెమ్మదిగా అనడంలోనే కాస్త ఉపశమనం ఉంది.

పైకి వెళ్లే దారికి ఇంకో ఉదాహరణ గుండెపోటు వచ్చినవాళ్లు. వాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు వస్తుంది. అది వచ్చినవాళ్లు కోలుకోవడం కూడా కష్టమవుతుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో గట్టిగా చెప్పింది. గుండెకు మందులిచ్చి, మనిషి ఎందుకు మాట్లాడటం లేదో అడగకపోతే వైద్యం సగమే అయినట్టు.

ఇక్కడే నాకు బాధ కలిగించే వాడుక ఒకటి చెప్పాలి. కుంగుబాటులో ఉన్నవాళ్ల దగ్గర ఆ వేమన పద్యం చదివి, "ఇక అతకదు" అని నిట్టూర్చేవాళ్లను చూశాను. ఆ పద్యాన్ని అక్కడ వాడకండి. నమ్మకం పోయిన స్నేహం గురించి చెప్పినదాన్ని జబ్బుపడిన మనిషికి అంటగట్టడం అన్యాయం. కుంగుబాటుకు చికిత్స ఉంది, చాలామంది కోలుకుంటారు. "గుండె దిటవు చేసుకో" అన్నదీ అంతే. భయపడేవాడికి అది ధైర్యమిస్తుంది. రోజుల తరబడి నిద్రాహారాలు పోయినవాడికి మాత్రం, చేతకానివాడివి అన్నట్టు వినబడుతుంది. వాళ్లకు కావలసింది పక్కన కూర్చునే మనిషి, వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించే మనిషి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఆ వాక్యం మార్చమని మిత్రుడికి చెప్పాను, ఒప్పుకున్నారు. కథ చివర్లో, కష్టంలో ఒక్కసారైనా పలకరించని అన్నగారు ఆస్తి కాగితాల కోసం గడప తొక్కుతాడట. "మనసు విరిగింది" అన్నదాన్ని అక్కడికి మారుస్తున్నారు.