అప్‌డేట్: ఊరి పనులకి ఎవ్వరూ ముందుకొస్తలేరని అడిగిన కదా

పోయిన ఎండాకాలం అడిగిన, మా ఊర్ల ఏ పనైనా ఇద్దరు ముగ్గురి నెత్తిమీదనే పడుతుంది, కొత్తోళ్ళని ఎట్ల తయారుచేయాలె అని. వరంగల్ కాడి గంగదేవిపల్లి చూసి రమ్మని చాలామంది చెప్పిన్రు, పోయొచ్చినం. అక్కడ నీళ్ళకో కమిటీ, మందు బంద్‌కో కమిటీ, ఇట్ల పని పనికీ వేరే మనుషులు.

మేం కూడా "వాలంటీర్లు కావాలె" అనుడు బంద్ చేసి చిన్న చిన్న పనులు పేరుపెట్టి అప్పజెప్పినం. వీధిలైట్లు చూసే పిలగాడు డిగ్రీ ఫెయిల్, ఊరంతా ఆవారా అనేటోళ్ళు, ఇప్పుడు ఏ స్తంభం కాడ బల్బు పోయిందో అందరికన్నా ముందు వానికే తెలుస్తది. మహిళా సంఘం అక్కలైతే ఇంకా ఫాస్ట్, నెలనెలా లెక్కలు రాసే అలవాటు ఎట్లాగూ ఉంది కదా.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంల రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని ఉంది, పారిశుధ్యం, వీధిలైట్లు, మొక్కలకి స్టాండింగ్ కమిటీలు కూడా ఉండాలె, మా దగ్గర అన్నీ కాగితం మీదనే ఉండె. మొన్నటి సభల అక్కలు మోరీల సంగతి రాసిచ్చి, తీర్మానం పుస్తకంల ఎక్కించేదాకా లేవనే లేవలే.

తెగనిది ఒకటే, మంచిగ తయారైనోళ్ళు జాబ్‌కని హైదరాబాద్ పోతున్నరు. అందుకే ప్రతి పనికీ జోడీ పెడుతున్నం, పాతోడు ఒకరు కొత్తోడు ఒకరు. మీ దిక్కు వేరే ఉపాయం ఏమన్నా నడిచిందా?