బ్యాండ్ విడిపోతే పాటలు ఎవరివి?

అందరికీ నమస్కారం. సైనిక్‌పురిలో ఇంటర్ నుంచీ నలుగురం కలిసి రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. మేడమీది గదిలో, గోడలకు పాత పరుపులు ఆనించి, పక్కింటివాళ్లు పడుకునేలోపే ప్రాక్టీసు. ఇప్పుడు డ్రమ్మర్‌కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. గిటారు వాయించేవాడికి మెటల్ (హోరెత్తించే రాక్ సంగీతం) కావాలి, నాకేమో తెలుగులో సొంత పాటలు కావాలి. గొడవలేం లేవు. 1956లో లివర్‌పూల్ బడిపిల్లలు పెట్టుకున్న క్వారీమెన్ అనే బ్యాండ్ కూడా మనుషులు మారుతూ మారుతూనే 1960కి బీటిల్స్ అయింది కదా, అదే నా ధైర్యం.

నలుగురం కలిసి కట్టిన ట్యూన్లను కొత్తవాళ్లతో వాయించొచ్చా? బ్యాండ్ పేరు ఎవరికి ఉండాలి? తలా ఇంత వేసుకుని కొన్న డ్రమ్ కిట్ సంగతేంటి? నోటిమాట చాలా, కాగితం మీద రాసుకోవాలా? ఈ దశ దాటినవాళ్లు ఎలా తేల్చుకున్నారో దయచేసి చెప్పండి. వీళ్లతో స్నేహం మాత్రం వదులుకోలేను.