ఎల్‌ఈడీ ఇండికేటర్లు పెట్టాక ఏ వైపు వేసినా నాలుగూ వెలుగుతున్నాయి

ప్రశ్న

నా మోటారుసైకిలుకు మొదటి నుంచీ ఉన్న 10 వాట్ల బల్బు ఇండికేటర్లను తీసేసి, ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర వాట్ల ఎల్‌ఈడీ ఇండికేటర్లను నాలుగు చోట్లా బిగించాను. మొదట అవి చాలా వేగంగా బ్లింక్ అయ్యాయి. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ రిలే తీసి, ఎల్‌ఈడీలకు పనికివచ్చే మూడు పిన్నుల రిలే పెట్టగానే వేగం సరిపోయింది గానీ, ఇప్పుడు స్విచ్ ఎడమకు వేసినా, కుడికి వేసినా నాలుగూ కలిసి వెలిగి ఆరుతున్నాయి. మీటరులో రెండు వైపులకూ కలిపి ఒకే ఇండికేటరు దీపం ఉంది. నేను ఎటు తిరుగుతున్నానో వెనుక వచ్చేవారికి తెలియదు కాబట్టి బండిని రోడ్డు మీదికి తీయడం లేదు. లోపం రిలేలో ఉందా, స్విచ్‌లో ఉందా, ఎక్కడ మొదలుపెట్టి చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

మీ రిలే, స్విచ్ రెండూ బాగానే ఉన్నాయనిపిస్తోంది. మళ్లీ రిలే కొనకండి. అసలు విషయం మీరు చివర్లో చెప్పిన ఆ ఒక్క దీపంలో ఉంది.

ఒకే దీపం ఉన్న బండ్లలో సాధారణంగా దాని ఒక కొస ఎడమ ఇండికేటర్ల వైరుకూ, రెండో కొస కుడి ఇండికేటర్ల వైరుకూ కలిసి ఉంటాయి, దానికంటూ విడిగా ఎర్త్ (కరెంటు చాసిస్ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి) ఉండదు. ఎడమకు వేసినప్పుడు కరెంటు ఆ దీపం గుండా కుడి వైరులోకి వెళ్లి, కుడివైపు బల్బుల ఫిలమెంట్ల మీదుగా ఎర్త్‌కు చేరుతుంది. 10 వాట్ల బల్బు వెలగడానికి ఆ కొద్దిపాటి కరెంటు ఏ మూలకూ చాలదు కాబట్టి పాత ఇండికేటర్లతో ఈ సంగతి ఎవరికీ కనబడదు, ఎల్‌ఈడీకి మాత్రం అదే కరెంటు ధారాళంగా సరిపోతుంది. మీటరు దీపాన్ని హోల్డరు నుంచి బయటికి లాగి స్విచ్ వేసి చూడండి. రెండు వైపులూ విడివిడిగా పనిచేస్తే కారణం ఇదేనని తేలిపోయినట్టే.

శాశ్వత పరిష్కారానికి కరెంటును ఒక్క దిశలోనే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్లు రెండు చాలు. ఒకదాని గీత లేని కొసను ఎడమ వైరుకు, రెండోదాని గీత లేని కొసను కుడి వైరుకు కలపాలి. గీత ఉన్న కొసలు రెండింటినీ ఒకటిగా చేర్చి దీపానికి ఇచ్చి, దీపం రెండో కొసను విడిగా ఎర్త్ చేయాలి. ఈ డయోడ్ ఒక ఆంపియరు వరకు తట్టుకుంటుంది, మీటరు దీపం అందులో నాలుగో వంతు కూడా తీసుకోకపోవచ్చు. అతుకులను టంకం వేసి, వేడి చేస్తే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి, ఎందుకంటే హ్యాండిల్ తిరిగే చోట ఉత్త టేపు ఎక్కువకాలం నిలవదు.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. కొందరు ప్రతి ఇండికేటరుకూ సమాంతరంగా 10 ఓముల రెసిస్టరు పెట్టమంటారు, అది కూడా పనిచేస్తుంది. అది బల్బులాగే కరెంటు లాగుతుంది కాబట్టి పాత రిలేతో వేగమూ సరిపోతుంది, అవతలి వైపు వెలగడమూ ఆగుతుంది. కానీ ఇంజను నడుస్తూ 14 వోల్టులు ఉన్నప్పుడు ఒక్కో రెసిస్టరు వెలిగిన ప్రతిసారీ దాదాపు 20 వాట్లను వేడిగా మారుస్తుంది. ప్లాస్టిక్ ప్యానెళ్ల పక్కన, వైర్ల కట్టను ఆనుకుని అంత వేడిని ఉంచడం నాకు సమ్మతం కాదు, ఎల్‌ఈడీతో ఆదా అయ్యే కరెంటు కూడా అలా వృథా అవుతుంది. మీరు ఇప్పటికే సరైన రిలే పెట్టారు, డయోడ్లతోనే ముగించండి. ఆ తరువాత గడియారం చూసి బ్లింకులు లెక్కపెట్టండి. మోటారుసైకిళ్ల దీపాల గురించిన ఐక్యరాజ్యసమితి నియమం 53 ప్రకారం నిమిషానికి 60 నుంచి 120 మధ్య ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

దీపం లాగగానే రెండు వైపులూ వేరుపడ్డాయి, డయోడ్లు పెట్టాక దీపం కూడా సక్రమంగా వెలుగుతోంది. ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఇంతకుముందు గమనించని ఇంకో లోపం బయటపడింది. ఎడమ ఇండికేటరు వేసి బ్రేకు నొక్కితే వెనుక ఎడమ ఎల్‌ఈడీ బాగా మసకబారుతోంది, బ్రేకు వదిలితే మళ్లీ మామూలవుతోంది. కుడివైపు అలా జరగడం లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు

అది ఎర్త్ సమస్య. వెనుక ఎడమ ఇండికేటరు, బ్రేకు బల్బు ఒకే ఎర్త్ అతుకును పంచుకుంటున్నట్టున్నాయి. 21 వాట్ల బ్రేకు బల్బు సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ అతుకులో ఒక్క ఓము అడ్డు చేరినా ఒకటిన్నర వోల్టు అక్కడే ఖర్చయిపోయి, ఎల్‌ఈడీకి అందేది ఆ మేరకు తగ్గుతుంది. మల్టీమీటరును డీసీ వోల్టులలో పెట్టి, నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ, ఎర్ర ప్రోబును ఆ ఎల్‌ఈడీ ఎర్త్ వైరుకూ ఆనించి, బ్రేకు నొక్కి చూడండి. 0.2 వోల్టుల లోపు ఉంటే దిగులు లేదు. అంతకు మించితే ఆ వైరును చాసిస్ దాకా వెతుక్కుంటూ వెళ్లండి. పాత ఇండికేటరు తన లోహపు కాడ ద్వారానే ఎర్త్ అయి ఉంటే, రబ్బరు కాడ ఉన్న కొత్తదానికి విడిగా వైరు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు

కొలిస్తే 1.8 వోల్టులు చూపింది. సీటు కింద చాసిస్‌కు బిగించిన రింగు టెర్మినల్ ఊడదీస్తే, దాని అడుగున పెయింటు పొర, అంచుల చుట్టూ ఆకుపచ్చని చిలుము ఉన్నాయి. లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించాను, ఇప్పుడు 0.05 వోల్టులే చూపుతోంది. బ్రేకు నొక్కినా వెలుగు తగ్గడం లేదు.

రెండో జవాబు ఇచ్చినవారు

సంతోషం. ఆ బోల్టు మీద కొద్దిగా గ్రీజు రాయండి, నీరు లోపలికి చేరదు. మల్టీమీటరు చేతిలోనే ఉంది కాబట్టి ఇంజను వేగం కాస్త పెంచి బ్యాటరీ దగ్గర కూడా ఒకసారి కొలవండి. 15 వోల్టులు దాటితే ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరును చూపించాలి, ఆ వోల్టేజీకి చవక ఎల్‌ఈడీలు త్వరగా పోతాయి.