అప్‌డేట్: పిల్లలకు అంతరిక్ష వాతావరణం ఎలా చెప్పాలని అడిగాను కదా

ఆరేళ్ల పాపకి, ఎనిమిదేళ్ల బాబుకి సౌర తుఫానుల గురించి (సూర్యుడి మీది పేలుళ్లు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేయడం) ఆన్‌లైన్ టూల్స్‌తో ఎలా నేర్పాలని అడిగాను. వీడియోలు పక్కన పెట్టి, వాళ్లే నొక్కి చూసేవి పెట్టమని చాలామంది చెప్పారు. అదే పనిచేసింది.

అన్నిటికన్నా బాగా నచ్చింది హీలియోవ్యూయర్ అనే వెబ్‌సైట్. తేదీ ఇస్తే ఆ రోజు సూర్యుడు ఎలా ఉన్నాడో చూపిస్తుంది. 2024 మే 10 పెట్టాం, పెద్ద తుఫాను వచ్చిన రోజు. మచ్చల గుంపు కనబడగానే పాప వేలు పెట్టి చూపించింది. ఒక్కో రోజు ముందుకు జరుపుతుంటే మచ్చలు పక్కకి కదిలాయి. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడని నేను చెప్పనే లేదు, బాబే కనిపెట్టాడు! బంగారు రంగు, ఆకుపచ్చ చిత్రాలు చూసి "ఏది నిజం రంగు?" అని అడిగాడు. అవి కంటికి కనబడని అతినీలలోహిత కాంతిలో తీసినవి, గుర్తుపట్టడానికి రంగులు వేశారని చెప్పాను.

సూర్యుడి నుంచి భూమికి వెలుగు 8 నిమిషాల్లో వస్తే, సూర్యుడు విసిరిన ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) మేఘం రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఇది హాల్లో ఆట అయిపోయింది: ఒకరు వెలుగు, పరుగు, ఇంకొకరు మేఘం, నత్తనడక.

భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కుదుపుకు లోనైందో చెప్పే కేపీ సూచిక మాత్రం పాపకి ఎక్కలేదు. బాబు 0 నుంచి 9 వరకు మార్కుల్లా రోజూ చూస్తున్నాడు, 5 దాటితే తుఫానే అంటే 5 కూడా తుఫానే అని నన్నే సరిదిద్దుతున్నాడు.