‘స్టాక్ ఆఫ్ బార్లీ’ హార్న్‌పైప్: ప్రమాణం పుస్తకమా, గ్రామఫోను రికార్డా?

ఫిడేలు విద్యార్థి:
ఐర్లండు నృత్య సంగీతంలో ‘స్టాక్ ఆఫ్ బార్లీ’ అనే హార్న్‌పైప్ (ఒక రకం నృత్యపు నడక) బాణీకి దొరుకుతున్న రికార్డులనూ స్వరలిపి ప్రతులనూ కాలక్రమంలో ఒక పట్టికగా కూరుస్తున్నాను. షికాగో పోలీసు శాఖకు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో అచ్చు వేయించిన 1,850 బాణీల సంపుటంలో ఇది ‘లిటిల్ స్టాక్ ఆఫ్ బార్లీ’ పేరుతో ఉంది. ఎడ్డీ హెర్బర్న్ అకార్డియన్ మీద, జేమ్స్ వీలర్ బాంజో మీద వాయించిన కొలంబియా కంపెనీ గ్రామఫోను రికార్డు 1916 నాటిది. పుస్తకమే ముందు వచ్చింది కనుక దాన్ని మూలంగా పెట్టి, తక్కినవన్నీ పాఠాంతరాలుగా చూపాలనుకుంటున్నాను. పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

పాత ప్లేట్లు:
విద్యార్థి గారూ, అచ్చయిన సంవత్సరం ఆ బాణీ అప్పటికే వాడుకలో ఉందని చెబుతుందే తప్ప, దాని వయసును చెప్పదు. పైగా ఫ్రాన్సిస్ ఓనీల్ బాణీలను చెవితో నేర్చిన మనిషి. ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో చిన్ననాడు విన్నవీ, షికాగోలో తోటి ఐరిష్ వలసదారుల దగ్గర విన్నవీ ఆయన వినిపిస్తుంటే, బంధుత్వం లేకపోయినా అదే ఇంటిపేరున్న జేమ్స్ ఓనీల్ వాటిని కాగితం మీద పెట్టారు. ఒకరి జ్ఞాపకమూ మరొకరి చేతిరాతా కలిసిన పాఠాన్ని మూలమనడం నాకు సమ్మతం కాదు.

అసలు చిక్కు లయలో ఉంది. హార్న్‌పైప్‌లో జంట స్వరాల్లో మొదటిది సాగుతుంది, రెండోది కురచగా తెగుతుంది. స్వరలిపిలో మొదటి స్వరం పక్కన నిడివి పెంచే చుక్క పెట్టి రాస్తే రెండింటి నిడివుల నిష్పత్తి 3:1 అవుతుంది, చుక్క లేకుండా రాస్తే 1:1 అవుతుంది. వాయించేవారి చేతిలో అది తరచుగా 2:1 చుట్టూ తిరుగుతుంది. ఆ నడక వినాలంటే రికార్డే గతి. న్యూయార్క్‌లో దుకాణం నడిపిన ఎలెన్ ఓబర్న్ డెవిట్ 500 ప్రతులు తానే కొంటానని హామీ ఇస్తే గానీ కొలంబియా వారు ఆ రికార్డు తీయలేదు. అది గిరాకీ ఉన్న వాయింపు అన్నమాట, అలమరలో దాచుకున్న నమూనా కాదు.

స్వరలేఖరి:
ప్లేట్లు గారి వాదన వినసొంపుగానే ఉంది గానీ, రికార్డు కూడా పూర్తిగా నమ్మదగిన సాక్షి కాదు. నిమిషానికి 78 చుట్లని పేరే గానీ, ఆ రోజుల్లో వేగాలు అటూ ఇటూగా ఉండేవి. 78తో నమోదైన దాన్ని సుమారు 82.6తో తిప్పితే బాణీ మొత్తం అర్ధస్వరం పైకి పోతుంది. ఇక ఒక వైపు పట్టేది మూడు నిమిషాలే కాబట్టి, నృత్యసభలో బాణీని ఎన్నిసార్లు తిప్పి వాయించేవారో ప్లేటు నుంచి తేల్చలేము. మన సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో అచ్చు వేయించిన కర్ణాటక సంగీత గ్రంథం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ విషయంలోనూ గురుముఖంగా వచ్చిన పాఠమా, పుస్తకమా అన్న తగవు ఇంకా తెగలేదు. అయినా పుస్తకాన్ని పక్కన పెట్టినవారెవరూ లేరు.

పాత ప్లేట్లు:
వేగం తప్పితే శ్రుతీ కాలమూ మారతాయి, ఒప్పుకుంటాను. కానీ రెండు స్వరాలూ ఒకే పాళ్లలో కుదించుకుపోతాయి కనుక వాటి మధ్య నిష్పత్తి చెక్కుచెదరదు, నేను అడిగింది ఆ నిష్పత్తినే. పైపెచ్చు అకార్డియన్‌లో గాలికి కంపించి పలికే రీడ్ల (లోహపు నాలుకల) శ్రుతి ముందే కట్టి ఉంటుంది; ఫిడేలు కళాకారుడు తంతిని ఎంత బిగించాడో ఊహించినట్టు ఇక్కడ ఊహించనక్కరలేదు. ఏ స్వరానికీ సరిగ్గా కుదరని శ్రుతి వినిపిస్తే ముందుగా వేగాన్నే అనుమానించాలి.

స్వరలేఖరి:
నిష్పత్తి మాట నిజమే. అయితే 1916 ప్లేటు మీద కొలిచిన నిష్పత్తిని 1903 ప్రతి మీద రుద్దకండి. ఆ ఇద్దరు వాయిద్యకారులు ఓనీల్ పుస్తకం చూసి వాయించారనడానికి మనకు ఆధారమేమీ లేదు.

ఫిడేలు విద్యార్థి:
అయితే పట్టికలో ‘మూలం’ అన్న గడిని తీసేస్తాను. స్వరక్రమానికి ఒక వరుస, నడకకు ఒక వరుస పెట్టి, రాసినదెవరో, వాయించినదెవరో, ఏ వాయిద్యమో పక్కనే నమోదు చేస్తాను. ‘స్టాక్ ఆఫ్ వీట్’ అనే మరో హార్న్‌పైప్ పేరు దీనితో తారుమారవుతూ ఉంటుంది కనుక, లేబుల్ మీది పేరును నమ్మకుండా ప్రతి భాగంలోనూ మొదటి రెండు ఆవర్తాలను పోల్చిన తర్వాతే చేరుస్తాను.

స్వరలేఖరి:
రెండో భాగాన్ని మొదట పోల్చండి. పేర్లు మారిపోయిన చోట తేడా త్వరగా బయటపడేది అక్కడే. కాలక్రమాన్ని మాత్రం వదలవద్దని నా పట్టు.