మేక్ కొడితే బాష్ బదులు వేరే షెల్ ఎందుకు వస్తోంది?

బ్రాడీపేట: గుంటూరు ఆఫీసులో ఉబుంటు సర్వర్. టెర్మినల్‌లో చక్కగా నడిచే "సోర్స్ ./ఎన్వ్.ఎస్‌హెచ్ && ..." లైను మేక్‌ఫైల్‌లో (మేక్ అనే బిల్డ్ టూల్ చదివి నడిపే కమాండ్ల ఫైలు) పెడితే "సోర్స్: నాట్ ఫౌండ్", ఎర్రర్ 127. లాగిన్ షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) బాషే. షెల్ వేరియబుల్‌లో బాష్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసి చూసినా అదే గోల. విజయవాడ టీమ్‌వాళ్ల మ్యాక్‌ల్లో మాత్రం ఇదే ఫైలు నడుస్తోంది. ఎక్కడ మార్చాలండీ?

బెంజిసర్కిల్: ఎక్స్‌పోర్ట్‌తో పని జరగదండీ. జీఎన్‌యూ మేక్ ఎన్విరాన్‌మెంట్‌లోని మిగతా వేరియబుల్స్ తీసుకుంటుంది గానీ షెల్ వేరియబుల్‌ని మాత్రం కావాలనే వదిలేస్తుంది. లేకపోతే ఒక్కొక్కరి లాగిన్ షెల్‌ని బట్టి బిల్డ్ ఒక్కోలా వస్తుంది. డిఫాల్ట్‌గా వాడేది /బిన్/ఎస్‌హెచ్. ఉబుంటులో 6.10 (2006) నుంచి అది డాష్ అనే చిన్న షెల్, దానికి "సోర్స్" (వేరే ఫైల్లోని సెట్టింగ్స్‌ని ఇదే షెల్‌లోకి తెచ్చే కమాండ్) తెలీదు. మ్యాక్‌లో ఆ పేరు వెనక ఉన్నది బాషే, అందుకే అక్కడ నడుస్తోంది. మేక్‌ఫైల్ మొదట్లో పెట్టండి:

షెల్ := /బిన్/బాష్

పేరు మొత్తం క్యాపిటల్స్‌లో ఉండాలి. ఒక్క టార్గెట్‌కే (మేక్‌ఫైల్‌లో పేరు పెట్టిన ఒక పనికే) కావాలంటే "టెస్ట్: షెల్ := /బిన్/బాష్" చాలు.

127తో ఆగిపోవడం నయమే. "ఇఫ్ [[ ... ]]" రాసుంటే డాష్ "[[: నాట్ ఫౌండ్" అని ఒక లైను చూపించి, కండిషన్ తప్పయిందనుకుని ఎల్స్‌లోకి పోతుంది. బిల్డ్ ఆగదు. పాత లాగ్‌లలో ఆ లైను ఉందేమో వెతకండి.

అరండల్‌పేట: దీంతోపాటు ఫ్లాగ్స్ కూడా ఇచ్చేయండి. టెస్టుల అవుట్‌పుట్‌ని పైప్‌తో టీ కమాండ్‌కి (తెరమీదా ఫైల్లోనూ రాసేదానికి) పంపుతుంటే, టెస్టులు ఫెయిలైనా టీ సున్నా ఇస్తుంది, మేక్ పాసైందనుకుంటుంది.

.షెల్‌ఫ్లాగ్స్ := -ఈయూ -ఓ పైప్‌ఫెయిల్ -సి

-ఈ ఏ కమాండ్ ఫెయిలైనా ఆపేస్తుంది, -యూ సెట్ చేయని వేరియబుల్ వాడితే ఆపేస్తుంది, పైప్‌ఫెయిల్ పెడితే పైప్‌లో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిలే. చివరి -సి మర్చిపోతే బాష్ మీ కమాండ్‌నే ఫైలు పేరనుకుని వెతుకుతుంది. ఇంకోటి, రెసిపీలో (టార్గెట్ కింది కమాండ్లలో) ఒక్కో లైనుకి ఒక్కో కొత్త షెల్. పై లైనులో సీడీ చేసింది (ఫోల్డర్ మార్చింది) కింది లైనుకి అందదు. "&&"తో కలపండి, లేదా రెసిపీ మొత్తాన్ని ఒకే షెల్‌లో నడిపే .వన్‌షెల్ పెట్టండి. అది ఆ ఫైల్లోని అన్ని టార్గెట్లకీ వర్తిస్తుంది. పైగా -ఈ లేకుండా .వన్‌షెల్ పెడితే మధ్యలో ఏది ఫెయిలైనా పట్టించుకోదు, చివరి కమాండ్ ఫలితమే లెక్క.

బ్రాడీపేట: షెల్ లైను పెట్టగానే సర్వర్‌లో నడిచింది, థాంక్స్. ఫ్లాగ్స్ మ్యాక్‌లో పనిచేసినట్టు లేదు, ఎర్రర్ కూడా రాలేదు.

బెంజిసర్కిల్: రాదండీ. మ్యాక్‌తో వచ్చేది మేక్ 3.81. .షెల్‌ఫ్లాగ్స్, .వన్‌షెల్ రెండూ 3.82లో (2010) వచ్చాయి. పాతది వాటిని చూసీచూడనట్టు పోతుంది. హోమ్‌బ్రూలో (మ్యాక్‌లో ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే టూల్) మేక్ ఇన్‌స్టాల్ చేసి "జీమేక్" అని పిలవండి. అది కుదరకపోతే పైప్ ఉన్న లైను మొదట్లోనే "సెట్ -ఓ పైప్‌ఫెయిల్;" రాసేయండి.

అరండల్‌పేట: ఆల్పైన్ (చిన్న లినక్స్) కంటైనర్‌లో బిల్డ్ చేసేట్టయితే అందులో బాషే ఉండదు, "ఏపీకే యాడ్ బాష్" కావాలి. సోర్స్ ఒక్కదాని కోసమైతే ఇంత హడావుడి దేనికి, దాని బదులు చుక్క పెట్టి ". ./ఎన్వ్.ఎస్‌హెచ్" అనండి, /బిన్/ఎస్‌హెచ్ వెనక బాష్ ఉన్నా డాష్ ఉన్నా ఒప్పుకుంటుంది.